ఆకుకూరల పథ్యం

“రక్తం తక్కువుంది. రోజూ ఆకుకూర తినాలి. నెల తర్వాత మళ్లీ పరీక్ష. హిమోగ్లోబిన్ పది దాటితేనే ఆపరేషన్,” అంది డాక్టరమ్మ.

నా భార్య రోజారమణి బెంగగా నా మొహం చూసింది.

“భయపడకు. ఈ నెల వంటిల్లు నాది,” అన్నాను.

ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలీదు. నర్సీపట్నం అబీద్ సెంటర్‌లో చెప్పుల కొట్టు నాది. జనాల కాళ్లు చూసి సైజు చెప్పగలను గానీ, పాలకూర మొహం ఎప్పుడూ చూసినవాణ్ణి కాదు.

మొదటిరోజు చేసిన పాలకూర పప్పు పుల్లగా వచ్చింది. అది చుక్కకూరట. రెండోరోజు వీధిలో ఆకుకూరలమ్మే అప్పయమ్మ గంపలో ఉన్న కట్టలన్నీ కొనేసి, శుభ్రంగా కడిగి, తడితోనే కవర్లో కుక్కి ఫ్రిజ్‌లో పెట్టాను. తీసి చూసేసరికి కూర లేదు, జిగురు ఉంది. ఆ వాసనకి ఇంట్లో ఎవరం ఫ్రిజ్ దగ్గరికి వెళ్లలేదు.

“కడిగి దాస్తే ఉంటాదేటి బాబూ? మట్టి దులిపి పేపర్లో సుట్టు. వండేముందు కడుగు,” అంది అప్పయమ్మ.

ఆ కిటుకు నేనే కనిపెట్టినట్టు కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పాను. చెప్పులు కొనడానికి వచ్చినవాళ్లు గోంగూర నిల్వ చెయ్యడం నేర్చుకుని, చెప్పులు కొనకుండా వెళ్లిపోయేవారు.

మునగాకు కొమ్మల్ని పాత పంచెలో మూటగట్టి ఉంచితే, పొద్దున్నకి ఆకు దానంతటదే రాలిపోతుందని కూడా తెలుసుకున్నాను. ఆ మూట విప్పి దులిపిన రోజు నా అంతటివాడు ఊళ్లో లేడనిపించింది.

మెల్లగా చెయ్యి తిరిగింది. మునగాకు వేపుడు, తోటకూర పులుసు, బచ్చలికూర పప్పు. వండటం నేను, వడ్డించడం రోజారమణి.

“మీరు బేగి తినేయండి. కొట్టుకి టైమైపోతంది,” అనేది.

మా ఇంట్లో వరస ఎప్పుడూ అంతే, ముందు నేను. పైగా సొంత వంట. ముద్దముద్దకీ నన్ను నేనే మెచ్చుకుంటూ మారు వడ్డించుకునేవాణ్ణి. చివర్లో గిన్నెలో ఇంత అన్నం వేసి తుడిచేవాణ్ణి కూడా.

“బాగా కుదిరిందాండీ?” అని అడిగేది రోజారమణి.

“అదిరింది,” అని తేన్చేవాణ్ణి.

నెల తిరిగేసరికి నా బెల్టుకి కొత్త చిల్లు పొడవాల్సి వచ్చింది. పక్క కొట్టు తాతాజీ ఆగి మరీ అడిగాడు.

“ఏటి బావా, మొహం అలా నిగనిగలాడతంది?”

“ఆకుకూర,” అన్నాను. అంతకంటే చెప్పడం వాడి స్థాయికి ఎక్కువ అనుకున్నాను.

పరీక్షకి వెళ్లే రోజు మాత్రం ఆటోలో బెంగ పట్టుకుంది. పది దాటకపోతే ఆపరేషన్ వాయిదా. కడుపునొప్పితో ఇంకో నెల.

ల్యాబ్‌లో కుర్చీ ఖాళీగా కనిపిస్తే కూలబడ్డాను. సిస్టర్ ఈశ్వరి సూది సిద్ధం చేసుకుంటోంది. ఆమె మొహం నవ్వుతూ ఉండటంతో ధైర్యం వచ్చి, నెల రోజుల వంటకాలూ ఏకరువు పెట్టాను. మునగాకు మూట సంగతి రెండుసార్లు చెప్పాను.

“అన్ని తింటే పెరక్కుండా ఉంటాదేటండీ,” అంది ఈశ్వరి.

నా గుండె కుదుటపడింది. రోజారమణి గోడకి ఆనుకుని నిలబడి, నా వైపే చూసి నవ్వింది.

అప్పుడు ఈశ్వరి నన్ను కుర్చీలోంచి లేపి, డాక్టరమ్మ ఆకుకూరలు తినమన్న మనిషిని, రోజారమణిని, అందులో కూర్చోబెట్టింది.