సీతారామయ్య గారి షేర్లు

"బాగానే ఉన్నానమ్మా, ఉంటా" అంటూ అనూహ్య ఫోన్ పెట్టేసేసరికి లిఫ్టు నాలుగో అంతస్తులో ఆగింది.

గబగబా కళ్లు తుడుచుకుంది.

లోపలికొచ్చిన పెద్దాయన ఆ మాట విననే విన్నారు. "తెలుగమ్మాయివా! ఏం చేస్తుంటావు తల్లీ?"

"కంప్యూటర్ చిప్పుల కంపెనీల లాభాలు అంచనా వేస్తుంటానంకుల్. షేర్లు కొనేవాళ్ల కోసం."

"అచ్ఛా! చిప్పుల్లో కూడా పోటీ ఉంటుందా?"

ఉండదా మరి! కిందికి దిగి, గేటు దాకా నడుస్తూ ఆ పోటీ కథంతా చెప్పింది. ఘాజియాబాద్‌కు వచ్చాక ఆమె అంతసేపు మాట్లాడింది అదే మొదలు.

మర్నాటి నుంచి సాయంత్రమైతే చాలు, ఆ పెద్దాయన, సీతారామయ్య గారు, కింద బెంచీ మీద ఉండేవారు. రోజుకో ప్రశ్న.

"కొత్త కంపెనీవాళ్లు చవగ్గా అమ్మితే పెద్ద కంపెనీ లాభాలు పడిపోవూ?"

"మార్కెట్ భయం అదే అంకుల్. పడిపోవని నేను రిపోర్టు రాశా."

ఆమెకు రోజు మొత్తంలో దొరికే తెలుగు అంతే. అయినా అనుమానం పీకుతూనే ఉంది. ఎవరు నవ్వుతూ పలకరించినా షేర్ల టిప్పు కోసమే అనుకోవడం ఆ ఉద్యోగంలో అంటుకునే జబ్బు. ఈ పిల్లకూ అంటుకుంది.

"రేపే కదమ్మా ఆ పెద్ద కంపెనీ లాభాలు ప్రకటించేది? ఏమవుతుందంటావు?"

"మీ షేర్ల కోసం నన్ను గుచ్చి గుచ్చి అడక్కండి అంకుల్! నా ఉద్యోగం పోతుంది."

ఆయన మొహం చిన్నబోయింది. "ఠీక్ హై తల్లీ, అడగను" అని లేచి వెళ్లిపోయారు.

మర్నాడు ఆమె అంచనాయే నిజమైంది. ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సంతోషం తెలుగులో చెప్పుకోవాలని బెంచీ దగ్గరికి పరుగెత్తింది.

బెంచీ ఖాళీ. ఆ వారమంతా ఖాళీయే.

మనసాగక నాలుగో అంతస్తుకు వెళ్లింది. తలుపు తీసిన ఆయన భార్య ఛాయాదేవి వెనకాల, గోడ మీద ఆయన ఫొటోకు దండ వేసి ఉంది.

"పడుకున్న మనిషి పడుకున్నట్టే పోయారమ్మా."

 అనూహ్యకు ఆయన కోసం ఏదో ఒకటి చేయాలనిపించింది.

"అంకుల్ షేర్లు మీ పేరు మీదికి మార్పించే పని నేను చూస్తానాంటీ."

"షేర్లా?" ఛాయాదేవి తెల్లబోయింది. "ఆయనకు షేర్లంటేనే భయం. ఉన్నదంతా పోస్టాఫీసులోనే."

ఒక్క క్షణం అనూహ్య మొహంలోకి చూసింది.

"ఆ చిప్పుల అమ్మాయివి నువ్వేనా? 'ఒక్కతే లిఫ్టులో ఏడుస్తోంది ఛాయా, చిప్పుల మాటెత్తితే చాలు మొహం విప్పారుతోంది' అంటూ, సాయంత్రం నిన్ను అడగడానికని రోజూ మధ్యాహ్నం నిద్ర మానుకుని ఆ వార్తలు చదువుకునేవారు."