దుబాసీకి సెలవు

“బడి గేటు దాకా నా కూతురి చెయ్యి పట్టుకునే ఉన్నాను,” అంది దుబాసీ సేవే అరబ్బీలో.

డాక్టర్ విజ్దాన్ సేవే వైపు చూడలేదు. ఎదురుగా కూర్చున్న ఖోఖే ముఖంలోకే చూస్తోంది. దుహోక్ శరణార్థి శిబిరంలోని ఆ వైద్యశాలలో అదే పద్ధతి. మాట దుబాసీ నోటి నుంచి వచ్చినా బాధ రోగిది కాబట్టి, చూపు రోగి మీదే ఉండాలి. దుబాసీ కూడా ‘ఈమె ఇలా అంటోంది’ అనకూడదు, తానే ఆ మనిషయినట్టు చెప్పాలి. బాగ్దాదు నుంచి వచ్చిన కొత్తలో విజ్దాన్‌కు ఇదంతా నాటకంలా అనిపించేది. శిబిరంలోని యజీదీలు మాట్లాడే కుర్దీ ఆమెకు ఒక్క ముక్క రాదు. అయినా నెలల తరబడి విని విని, మధ్యలో దుబాసీ ఒకతె ఉందన్న సంగతే మర్చిపోవడం అలవాటైపోయింది.

ఖోఖే మోకాలు రాసుకుంటూ తాపీగా మరో నాలుగు మాటలు చెప్పింది. నలభై దాటిన మనిషి, ఎండకు మాడి అరవై ఏళ్లదానిలా కనిపిస్తుంది.

“గేటు దగ్గర ఆడవాళ్లనొక వైపు, పిల్లల్నొక వైపు నెట్టారు,” అంది సేవే.

“తర్వాత?”



“ఇవాళ్టికి ఇంక చెప్పలేను. మోకాళ్ల మాత్రలు అయిపోయాయి,” అంది సేవే.

ప్రతి వారమూ ఇంతే. నల్లజెండాల వాళ్లు ఊరి మీద పడిన ఉదయంతో మొదలై, ఊరివాళ్లను తోలిన ఆ బడి గేటు దగ్గరికి వచ్చి కథ ఆగిపోతుంది. నోటితో చెప్పుకోలేని దుఃఖం కీళ్లలోకి దిగుతుందని విజ్దాన్ నమ్మకం. మారు మాట్లాడకుండా మాత్రలు రాసిచ్చింది. ఖోఖే లేచి, తలగుడ్డ కొంగుతో సేవే చెంపలు తుడిచి, వీపు నిమిరి బయటికి వెళ్లింది.

విజ్దాన్‌కు భయం వేసింది. రోగి కళ్లు పొడిగా ఉన్నాయి, దుబాసీ ఏడుస్తోంది. పోయిన చలికాలం ఇలాగే వినీ వినీ ఒక దుబాసీకి మాట పడిపోయింది. సొంత పిల్లలతో కూడా ఇప్పటికీ మాట్లాడటం లేదు. ముందే చూసుకోనందుకు విజ్దాన్ తనను తాను ఈనాటికీ క్షమించుకోలేదు.

“కూర్చో సేవే. చాయ్ తాగు.”

“బయట ఇంకా జనం ఉన్నారు డాక్టరమ్మా.”

“ఉండనీ. నువ్వు కంటి నిండా నిద్రపోయి ఎన్నాళ్లయింది?”

“ఈ శిబిరంలో నిద్రపోయేవాళ్లెవరో చూపించండి, వెళ్లి కాళ్లకు దండం పెట్టొస్తాను.”

విజ్దాన్ నవ్వలేదు. “నిన్ను కొన్నాళ్లు సెలవు మీద పంపిస్తున్నాను. జీతం ఆగదులే.”

సేవే చేతిలో గ్లాసు కదలకుండా ఆగింది. “మరి ఖోఖే?”

“దుబాసీగా బెహార్ వస్తుంది.”

“బెహార్ వద్దండి. ఆవిడ ముందు ఖోఖేకు మాట పెగలదు. ఇంకొక్క వారం ఉండనివ్వండి. ఆ గేటొకటి దాటితే చాలు.”

“చూశావా, గేటు ఆవిడకి కాదు, నీకు అడ్డం పడింది. అది ఆవిడ కష్టం, ఆవిడ కూతురు. నువ్వెందుకు నెత్తికెత్తుకు తిరగడం?”

సేవే తల దించుకుంది. ఆ పిల్లను చూస్తే విజ్దాన్‌కు జాలేసింది.

“నీకంటూ చెప్పుకోవాల్సిందేదైనా ఉంటే చెప్పు తల్లీ. నేను వింటాను.”

“నాకేముందండీ. నేను వాళ్ల చేతికి చిక్కలేదుగా.” కాస్త ఆగి అడిగింది. “చిక్కినదాన్నయితే ఈ పని ఇచ్చేవారా?”

“ఇచ్చేవాళ్లం కాదు. అలాంటివాళ్లకు ఇవి రోజూ వినిపిస్తే పాపం కాదూ?”

“పాపమే,” అంది సేవే.

“సెలవు అయ్యేదాకా ఈ ఛాయలకు రాకు. రోగులతో మాటలూ వద్దు. సరేనా?”

“లోపలికి రానండి. ఖోఖే వచ్చే రోజున తలుపు బయట కూర్చుంటాను. అంతే.”

“కుదరదు.”

సేవే చల్లారిన చాయ్ అలాగే పెట్టి, మెడలోని గుర్తింపు కార్డు తీసి బల్ల మీద ఉంచి వెళ్లిపోయింది. కిటికీలోంచి చూస్తే గుడారాల మధ్య నిలబడిపోయి కనిపించింది, ఎటు వెళ్లాలో తోచనట్టు. విజ్దాన్ మనసు చివుక్కుమంది. కఠినంగా ఉండకపోతే ఈ పనిలో మనుషులు మిగలరని సర్దిచెప్పుకుంది. ఈసారైనా ఒకరిని వేళకు కాపాడుకున్నాననుకుంది.

మరుసటి వారం బెహార్ వచ్చి సేవే కుర్చీలో కూర్చుంది. ఖోఖే ఆమెను చూసి, తలుపు వైపు చూసి, ఇంకెవరూ రారని తెలిశాక దిగులుగా కుర్చీ లాక్కుంది.

ఎప్పటిలాగే విజ్దాన్ చూపు రోగి ముఖం మీద నిలిపింది. కొత్త మనిషి ముందు ఖోఖే బిగుసుకుపోతుందేమోనని గొంతు వీలైనంత మెత్తగా చేసుకుంది.

“బెహార్, నెమ్మదిగా అడుగు. బడి గేటు దగ్గర పిల్లల్ని వేరు చేశాక కూతురు ఏమైందో, చెప్పగలిగినంతే చెప్పమను.”

బెహార్ అడిగింది. ఖోఖే మొదట అర్థంకానట్టు చూసింది. మళ్లీ అడిగించుకుంది. అంతలో ఆ ఎండిన ముఖం విప్పారింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్ని వారాల్లో ఆమె కన్ను చెమర్చడం విజ్దాన్ చూడలేదు. ఖోఖే ముందుకు వంగి, బెహార్ చెయ్యి పట్టుకుని, ఆత్రంగా ఏదో అడిగింది.

“ఏమంటోంది?” అంది విజ్దాన్. “ఉన్నదున్నట్టు చెప్పు.”

బెహార్ తడబడింది.

“సేవే కూతురు దొరికిందా అని అడుగుతోందండీ.”