నలభై నీలి ప్యాంట్లు

“చెన్నైకి పోయే పనే లేదంట సరళా,” అన్నాడు వీరేష్ ఫోన్ పక్కన పెట్టి.

ప్యాంట్లు మడతపెడుతున్న సరళ చెయ్యి ఆగింది. “మారిషస్‌కు పోయే సరుకు గదా! కస్టమ్స్ వాళ్లకు మనం దగ్గరుండి చూపించొద్దా?”

“అదంతా పాత కత. ఇప్పుడు ఏం పంపుతాండామో కంప్యూటర్‌లో మనమే రాసేస్తే సాలంట. పోస్టాఫీసులో మూట ఇచ్చి ఇంటికి రావడమే.”

రాయదుర్గంలోని వాళ్ల కుట్టు షెడ్డు నుంచి దేశం దాటుతున్న మొదటి సరుకు అది. నలభై ప్యాంట్లు. వాటి వెంట చెన్నై పోయి సముద్రం చూడాలని సరళ ఆశ. నెల రోజులుగా షెడ్డులో మిషన్ల చప్పుడు ఆమెకు నీళ్ల హోరులాగే వినిపిస్తోంది. ఫ్యాను గాలికి నీలి మడతలు లేచి పడుతుంటే, చీర కుచ్చిళ్లు తడుస్తాయేమోనని కాళ్లు వెనక్కి తీసుకున్న రోజులూ ఉన్నాయి.

“మల్ల సముద్రం?”

“యాడికి పోతాది? ఆడే ఉంటాదిలే!”

సరళ మరో నాలుగు ప్యాంట్లు మడిచింది. “రాసినదానికీ మూటలో ఉండేదానికీ తేడా వస్తే?”

“అప్పుడు మాత్రం చెన్నైకి పిలుస్తారు. పోయి సరిచేసుకోవాల. అయినా నేను తప్పు రాస్తానా ఏంది?” అంటూ వీరేష్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

సరళ అతని వీపు వైపు చూసింది. మూటలోంచి ఒక ప్యాంటు మెల్లగా లాగి, గుడ్డపీలికల కింద దాచింది. మూట మూతి కుడుతుంటే దబ్బనం రెండుసార్లు వేలికి గుచ్చుకుంది.

ఆ తర్వాత ఫోన్ మోగిన ప్రతిసారీ ఆమె పాదాల కింద తడి ఇసుక కదిలింది.

ఐదోరోజు మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది. అంతా సరిపోయిందట. సరుకు దేశం దాటిందట.

వీరేష్ దాన్ని మళ్లీ మళ్లీ చదివి స్టూలు మీద కూలబడ్డాడు. “అదెట్లా సరిపోతాది?”

సరళ పీలికల కింది ప్యాంటు తెచ్చి అతని ఒళ్లో పెట్టింది. “నేనే తీసేసినా. ముప్పై తొమ్మిదే పోయినాయి. సముద్రం మీద ఆశతో...”

వీరేష్ ఆ ప్యాంటును నిమిరాడు.

“నీకు సముద్రం చూపించాలని నేను గూడా ముప్పై తొమ్మిదనే రాసినా సరళా.”