నీళ్లు తేటపడనీ

ఆదివారం తెల్లారేసరికి పెరట్లో స్విమ్మింగ్ పూల్ మళ్ళీ ఆకుపచ్చగా ఉంది.

"ఏ కప్ప శాపం పెట్టిందో ఏమో" అన్నాడు భర్త, ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుంటూ. "మొన్నేగా అద్దంలా తోమాను."

భార్య టీ కప్పుతో గుమ్మంలో నిలబడి నిట్టూర్చింది. పెళ్ళికి ముందు ఆయన "కాలేజీలో నేను ఈత ఛాంపియన్ని" అని ఛాతీ విరుచుకుంటే, "నేనూ అంతే, చేపపిల్లకి ఈత నేర్పాలా" అని నవ్విన మనిషి ఆవిడ. ఆ నవ్వుకే ఆయన పడిపోయాడు. తర్వాత ఇల్లు కొనాల్సి వచ్చినప్పుడు, ఇంత గొప్ప ఈతగాళ్లు పూల్ లేని ఇల్లు కొంటే నలుగురూ నవ్వరా అని ఏరికోరి దీన్నే కొన్నారు.

కొన్నదగ్గర్నుంచీ ఇదే వరస. ఆయన పొడుగు కర్ర వలతో ఆకులు తీస్తాడు. బ్రష్షుతో గోడల మీది నాచు గీకుతాడు. మెట్ల మూలల్లో పాచిని పాత టూత్‌బ్రష్‌తో తోముతాడు. తన పళ్లు కూడా ఏనాడూ అంత శ్రద్ధగా తోమి ఎరగడు. క్లోరిన్ కలిపి, ఫిల్టర్ ఆన్ చేసి, నడుం పట్టుకుని లోపలికొచ్చి, "రెండ్రోజులాగు, నీళ్లు తేటపడగానే దూకేద్దాం" అంటాడు. ఆవిడ సరేనంటుంది. ఈత డ్రెస్సు కొని బీరువాలో పెట్టుకుంది కూడా. మురికి నీళ్లలో దాన్ని తడపనంటుంది. నీళ్లు తేటపడతాయి. సరిగ్గా దూకాల్సిన రోజుకి పచ్చబడతాయి.

పనివాణ్ణి పెట్టుకుందామా అని ఆవిడ ఒకసారి అడిగింది. మన పూల్ మనం కడుక్కోలేమా అన్నాడాయన. ఆవిడ మళ్ళీ ఆ మాటెత్తలేదు. ఇంత అర్థం చేసుకునే భార్య ఎంతమందికి దొరుకుతుందని ఆయన పొంగిపోయాడు.

అసలు సంగతేమిటంటే, ఆయనకి ఈత రాదు. బాత్‌టబ్బులోనే అంచు పట్టుకుని కూర్చునే రకం. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నీళ్ల మీద నెపం పెట్టి నెట్టుకొస్తున్నాడు. క్లోరిన్ వేసిన నీళ్లు వాటంతటవే అంత త్వరగా చెడవు కాబట్టి, చిన్న సాయం చేసేవాడు. గులాబీల కోసం ఆవిడ షెడ్డులో పెట్టుకున్న ఎరువు బస్తాలోంచి ఓ గ్లాసుడు తీసి, ఆవిడ స్నానానికి వెళ్లగానే పూల్లో పోసేసేవాడు. ఎరువు తిన్న నాచు ఊరుకుంటుందా?

బస్తా తరిగిపోవడం ఆవిడ ఎక్కడ కనిపెడుతుందోనని మొదట్లో హడలిపోయాడు. ఆవిడ ఒక్కనాడూ అడగలేదు. బస్తా అయిపోతే ఇంకోటి తెప్పించేది. బస్తాలకి బస్తాలు ఖాళీ అవుతున్నా గులాబీలు మాత్రం రెండు ముళ్ల కర్రల్లా అలాగే ఉన్నాయి. వాటికి తిన్నది ఒంటబట్టదేమో అనుకున్నాడు.

ఇలా సుఖంగా సాగుతుండగా పక్కింట్లోకి ఈత కోచ్ దిగాడు.

వీధిలో వీళ్ల గొప్పలు విన్నాడు కాబోలు, గోడ మీంచి తొంగిచూసి, ఇద్దరు ఈతగాళ్లున్న ఇంట్లో ఇదేం ఖర్మ అని తెగ నొచ్చుకున్నాడు. బుధవారం తనే మోటారూ గొట్టమూ పట్టుకొచ్చి అడుగున బురదంతా పీల్చేశాడు. ఏదో ఘాటైన మందు కలిపాడు. సాయంత్రానికి అడుగున పలకల మధ్య గీతలు కూడా కనిపించాయి. ఆదివారం పొద్దున భార్యాభర్తల ఈత పందెం అని వీధి పిల్లలకి చెప్పేశాడు. పిల్లలు ఇళ్లల్లో చెప్పారు. ఇంకేముంది, పరువు పూల్ గట్టు మీదికొచ్చి కూర్చుంది.

ఆ సాయంత్రమే ఆయన బస్తా అడుగున మిగిలిందంతా పూల్లో దులిపేశాడు.

మర్నాడు భార్య షెడ్డులోంచి పాలిపోయిన మొహంతో వచ్చింది. చేతిలో ఎరువు తోడుకునే డబ్బా, ఖాళీగా. ఎరువు అయిపోయిందండీ అంది, ఏడుపొక్కటే తక్కువ. ఆయన తేలు కుట్టిన దొంగలా చెప్పులేసుకుని కొట్టుకి పరిగెత్తాడు. తనకీ అవసరమేగా. సరుకు వచ్చే వారం అన్నారు కొట్లో. ఆ మాట విని ఆవిడ సోఫాలో కూలబడింది.

"గులాబీలు వారం ఆగలేవా?" అన్నాడు.

"ఆగలేవండీ" అంది.

ఆ పూట ఆవిడకి తిండి సయించలేదు. మొక్కల మీద ఇంత ప్రేమున్న మనిషి ఎరువు దొంగిలించానే అని ఆయన లోలోపల కుమిలిపోయాడు.

శనివారం సాయంత్రానికి కూడా నీళ్లు పచ్చబడలేదు. కోచ్ మందు గట్టిది. గట్టు చుట్టూ కుర్చీలు వేయించి, విజిల్ ఒకసారి ఊది చూసుకుని, కోచ్ ఇంటికెళ్లాడు.

ఇక దాచి లాభం లేదు. వీధంతా చూస్తుండగా మునిగేదానికంటే పెళ్ళాం ముందు మునగడం నయం అనుకున్నాడు ఆయన. ఆవిణ్ణి ఓ కుర్చీలో కూర్చోబెట్టి అంతా కక్కేశాడు. ఛాంపియనూ కాదు, ఈతా రాదు, ఇన్నాళ్లూ పూల్లో ఎరువు పోసింది తనే, బుధవారం బస్తా మొత్తం దులిపేసింది కూడా తనే.

"నీలాంటి ఈతగత్తెకి నాలాంటి మొగుడు దొరకడం నీ ఖర్మ. ఎంత కావాలంటే అంత తిట్టు. రేపు నన్ను మాత్రం దూకమనకు" అన్నాడు.

ఆవిడ తిట్టలేదు. తేట నీళ్లకేసి చూసింది. ఖాళీ కుర్చీలకేసి చూసింది. మొగుడికేసి చూసేసరికి కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి.

"బస్తా మొత్తం మీరే పోసేస్తే, ఇక పూల్లో నేనేం పొయ్యనండీ?"