తెల్ల అతుకు

"పటాన్ని కుదించొద్దని చెప్తాండా కదప్పా! సర్కారు సీలు నల్లగా కనపడాల. మసకబారిందనుకో, దొంగ పటమంటారు."

వెంకటస్వామి కుర్చీ లాక్కుని భానుప్రకాశ్ పక్కనే చేరగిలబడ్డాడు. పుంగనూరు రోడ్డులో ఆయన వేస్తున్న లేఅవుట్‌కు ప్లాను గీసింది భానుప్రకాశే. మదనపల్లెలో ఆ డ్రాయింగ్ షాపు నడుస్తున్న గది మాత్రం వెంకటస్వామిది. అందుకే ఆయన్ను ఆ కుర్చీలోంచి లేపే దమ్ము భానుప్రకాశ్‌కు లేదు.

"అనుమతిచ్చే ఆఫీసుకు ఫైలు మెయిల్లో పోవడంలేదన్నా. పొద్దున్నుంచీ ఫోన్ లైను తెగతానే ఉండాది. స్కాన్ చేసిన ఊరి పటందే బరువంతా. దాన్ని కుదించి పీడీఎఫ్ చేసినామంటే పటమూ, మనం గీసిన గీతలూ, ఆ తెల్ల అతుకూ అన్నీ కలిసి ఒకటే బొమ్మయిపోతాయి. తేలిగ్గా పోతాది."

అతుకు మాట వినగానే వెంకటస్వామి వాకిలి వైపు చూశాడు. "మెల్లగా మాట్లాడు."

ఆ పాత ఊరి పటంలో, లేఅవుట్ వేస్తున్న పొలం నడిమధ్యన ఒక వంక ఉంది. వాన నీళ్లు చెరువుకు పోయే దారి అది. వంక కనపడితే అనుమతి రాదు. అందుకని కంప్యూటర్లోనే దాని మీద తెల్ల అతుకొకటి వేయించి, అతుకు మీద ప్లాట్ల గీతలు గీయించాడు వెంకటస్వామి. కింద వంక చెక్కు చెదరకుండా అట్లాగే ఉంది. పైకి మాత్రం సుబ్బరంగా ప్లాట్లు.

"ఆ వంకలో నీళ్లు పారింది ఎవురికన్నా గుర్తుండాదా అప్పా?"

"రేపు పారితే?"

"నీకు వంక కావాల్నా, ఈ గది కావాల్నా?"

భానుప్రకాశ్ మళ్లీ తెర వైపు తిరిగాడు. గది పోతే షాపు పోతుంది. ప్లాను మీద ఉన్నది తన సంతకం, తన లైసెన్సు నంబరు. ముందుకు పోతే నుయ్యి, వెనక్కు పోతే గొయ్యి అన్నట్టుంది అతని పని.

అప్పుడే అన్నమ్మ లోపలికి వచ్చింది. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి ఈమధ్యే రిటైరైన మనిషి. ఆ లేఅవుట్‌లో ఒక ప్లాటు రాయించుకుంది.

"ఏమప్పా భానూ, నా ప్లాటు యాడుండాదో రవంత సూపిస్తావా?"

"సూపించప్పా అమ్మకు," అన్నాడు వెంకటస్వామి, నోరంతా తెరిచి నవ్వుతూ.

భానుప్రకాశ్ వేలెత్తి తెర మీద పెట్టాడు. వేలు సరిగ్గా తెల్ల అతుకు మీద పడింది.

"ఆడ నీళ్లు పడతాయా?"

"మీ ప్లాటుకు నీళ్ల కరువే రాదమ్మా," అన్నాడు వెంకటస్వామి.

అన్నమ్మ కళ్లద్దాలు సర్దుకుని ఆ చోటునే చూస్తూ నిలబడింది. "బతుకంతా క్వార్టర్సులోనే అయిపాయ. గోడకు మేకు కొట్టాలన్నా ఒకరినడగాల. ఇంగ నా గోడలు నావి." అతని భుజం తట్టింది. "నాకు పటాలు తెలీవప్పా. నువ్వు గీసినావు కదా, అది చాలు."

ఆమె వెళ్లిపోయినా భానుప్రకాశ్ తల ఎత్తలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

"మెయిలు పోకుంటే సీడీలో కొట్టు," అన్నాడు వెంకటస్వామి. "మనమే పోయి ఇచ్చొస్తాం. నువ్వూ రావాల, ఆఫీసులో మేడమ్ ఏమన్నా అడిగితే చెప్పేదానికి."

ఆఫీసులో ప్లాన్లు చూసే అధికారిణి మాలతి. సీడీ తీసుకుని తన పాత కంప్యూటర్లో పెట్టింది. వెంకటస్వామి ఎదురుకుర్చీలో కూర్చున్నాడు. ఆయనకు కనిపించేది మానిటర్ వీపు మాత్రమే. భానుప్రకాశ్ ఆమె పక్కన నిలబడ్డాడు.

ఫైలు తెరుచుకోవడం మొదలైంది. తెర మీద పైనుంచి కొద్దికొద్దిగా పటం దిగుతోంది.

"ఏమప్పా ఇంత నిదానం?" అంది మాలతి.

"నాణ్యమైన సరుకు మేడమ్! నిదానంగానే వస్తాది," అన్నాడు వెంకటస్వామి.

మాలతి నవ్వి, స్టాంపు తీసేందుకు వెనకనున్న బీరువా వైపు తిరిగింది.

భానుప్రకాశ్ తెర మీదికి వంగాడు. షాపులోని కొత్త కంప్యూటర్ ప్లానంతా ఒక్కసారే చూపించేది. ఈ ముసలి కంప్యూటర్ అతను ఏ వరసలో పేర్చాడో ఆ వరసలోనే ఒక్కొక్కటే బయటికి తీస్తోంది. అన్నిటికంటే ముందు ఉత్త పటం. పటంలో, పొలం నడిమధ్యన, వంక. మెలికలు తిరుగుతూ, పేరుతో సహా. కుదించి ఒకటే బొమ్మ చేసి ఉంటే ఇది ఏ కంప్యూటర్లోనూ కనపడేది కాదు.

బీరువా తలుపు కిర్రుమంటోంది. మాలతి ఇంకా వెతుకుతూనే ఉంది. 'తిరగొద్దు తల్లీ' అనుకున్నాడు. మరుక్షణమే, తిరిగితే ఈ పీడ వదులుతుంది కదా అనీ అనుకున్నాడు.

తెల్ల అతుకు వచ్చి వంక మీద పడింది. దాని మీద ప్లాట్ల గీతలు బారులు తీరాయి. అన్నమ్మ ప్లాటూ వచ్చి కూర్చుంది.

మాలతి స్టాంపుతో ఇటు తిరిగింది. ప్లానంతా ఒకసారి కలియజూసింది. "సీలు కూడా ఎంత బాగా కనపడతాండాది! అడ్డమేమీ లేదు. సంతకం చేసేస్తాను."

వెంకటస్వామి మీసం మీద చెయ్యి వేసుకుని, గండం గడిచినట్టు భానుప్రకాశ్‌కు కన్ను గీటాడు.

మాలతి పెన్ను మూత తీసింది.

"మేడమ్," అన్నాడు భానుప్రకాశ్, "దాన్ని మూసి ఇంగో తూరి తెరవండి. ఈ తూరి కన్ను తిప్పకుండా సూడండి."