ఊపిరి బిళ్ల

బస్సు బాడీ షెడ్ల ఓనర్లారా, మా ఊపిరి తీసింది మీరే. రంగు గట్టిపడాలని మీరు కలిపే హార్డెనర్, మా ఊపిరితిత్తుల్లోని ప్రోటీన్‌కి అతుక్కుంటుంది. ఒళ్లు తన సొంత కండనే పరాయిదనుకుని దానిమీదే తిరగబడుతుంది. తెలిసి కూడా మీరు హార్డెనర్ మార్చలేదు, ఆ జబ్బు పట్టినోడు ఊదితే ఎర్రబడే ఊపిరి బిళ్లలు మాకు పంచారు. పొద్దున్నే ఇంట్లో ఊది, గేటు దగ్గర చూపించాలి. పచ్చగా ఉంటే పని, ఎర్రబడితే ఇంటికి.

అందుకే ఆటోనగర్ పెయింటర్ల ఇళ్లలో బిళ్ల ఊదేది పెళ్లాలు. జక్రయ్య బిళ్ల రూతమ్మ ఊదేది.

ఆవేళ ఆమె ఊదితే ఎర్రబడింది.

"బిళ్ల పాడైందయ్యా."

జక్రయ్య అదే బిళ్లని పక్కింటి టీచరమ్మ చేత ఊదించాడు. పచ్చగా వచ్చింది.

"నువ్వెప్పుడు రంగు గన్ను పట్టావే?"

"పట్టకపోతే ఏం? రంగు పడ్డ నీ చొక్కాలు ఉతికేదెవరు, మీ సూపర్‌వైజరా?"

ఆ పచ్చ బిళ్లతో జక్రయ్య పనికి పోవచ్చు. పోలేదు. దాంట్లో తన ఊపిరే ఊది, ఎర్రగా పట్టుకుని, రూతమ్మతో గేటు ముందు నిలబడ్డాడు. సంగతి విని వెనక లైనంతా ఎవరి బిళ్ల వాళ్లే ఊదారు. దాదాపు అన్నీ ఎరుపే.

"అందర్నీ పంపేస్తే బస్సులకి రంగెవడేస్తాడు?" అని సూపర్‌వైజర్ అరిచాడు.

"మమ్మల్నెందుకు పంపుతావు? ఆ డ్రమ్ముల్ని పంపు," అంది రూతమ్మ.

ఓనర్లారా, విన్నారుగా! ఆ హార్డెనర్ ఆపండి. బయటిగాలి అందే ముసుగులివ్వండి. పనిబట్టలు షెడ్డులోనే ఉతికించండి. రేపు కాదు, ఇవాళే.