కుడికాలి చెప్పు

ఆ ఇల్లాలికి మొగుడి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన మనుషుల్ని కాళ్ల దగ్గర మొదలుపెడతాడు, మొహం దాకా రాడు.

మొదటిసారి కలిసినప్పుడు ఎవరైనా పేరు అడుగుతారు. ఈయన “ఆరో నంబరు కదూ?” అన్నాడు. సరిగ్గా చెప్పాడు కదా అని పెళ్లి చేసుకుంది.

ఇద్దరిదీ ఒకటే దుకాణం. ఒక పక్క బట్టలు ఆమెవి, రెండో పక్క చెప్పులు ఆయనవి. మధ్యలో గోడ లేదు, వాదన ఉంది.

చలి తగ్గగానే నల్ల బూట్లన్నీ అటకెక్కేవి. అరల్లోకి రంగురంగుల పట్టీల చెప్పులు వచ్చేవి. ఒక్కో జతలో కుడికాలిదే అరలో ఉండేది, ఎడమది లోపల పెట్టెలో. రెండూ బయట పెడితే వాటంతటవే నడిచి వెళ్లిపోతాయని ఆయన సిద్ధాంతం.

ఒక ఏడు వసంతంలో పాంట్లు చీలమండ పైకి వచ్చేశాయి.

“పాంటు పొట్టిదైతే చెప్పు కనబడుతుంది. మన పంట పండింది,” అన్నాడాయన.

“మీ పంటకి నా బట్ట కోశారన్నమాట,” అంది ఇల్లాలు.

పంట నిజంగానే పండింది. నిమ్మపండు రంగు చెప్పులు, సన్నటి రెండు పట్టీలు, మడమ కింద మెత్తటి దిండు. రోజంతా నిలబడి పనిచేసే నర్సులూ టీచర్లూ అడిగి మరీ పట్టుకెళ్లేవారు.

“ఈ నమూనా గీసిన మహానుభావుడెవడో గానీ, ఎదురుపడితే కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుంటాను,” అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు.

ఒక మధ్యాహ్నం ఆ మాట విని ఒకామె తల వంచుకుని నవ్వుకుంది.

ఆమె ఏటా వసంతంలో ఒక్కసారే వచ్చేది. యాభై దాటి ఉంటాయి. ముందు బట్టల దగ్గరికెళ్లి, ఊరంతా వద్దనుకున్నదే అడిగేది.

“నేల తాకే స్కర్టు ఉందామ్మా?”

“ఈ ఏడు ఎవరూ వేయడం లేదండీ. అన్నీ పొట్టివే.”

“నాకు పొడుగుదే కావాలమ్మా.”

ఇల్లాలు వెతికి ఎలాగో ఒకటి తీసిచ్చేది. ఆమె అది కొనుక్కుని, చెప్పుల వైపు వెళ్లి బల్ల మీద కూర్చునేది. కొత్త చెప్పు కుడికాలికి తొడుక్కుని, నేల మీది అద్దంలో చాలాసేపు చూసుకునేది. ఎడమకాలు వేసుకున్న స్కర్టు అంచు దాటి వచ్చేది కాదు.

“ఎడమది తెమ్మంటారా?”

“వద్దండీ.”

విప్పి, కొంగుతో తుడిచినంత భద్రంగా చేత్తో తుడిచి, అరలో పెట్టి వెళ్లిపోయేది. ఆయన ఆమెకి ‘కుడికాలావిడ’ అని పేరు పెట్టాడు.

ఆ రోజు మాత్రం నిమ్మపండు రంగు చెప్పు వెంటనే విప్పలేదు.

“పట్టీ గుచ్చుకుంటోందని ఎవరైనా అన్నారా?”

“అన్నవాళ్లు లేరండీ. కొనకుండా తొడుక్కుని చూసేవాళ్లే ఉన్నారు.”

ఆమె పట్టీని వేలితో సవరించింది.

“ఈ ఒక్కటే ఇస్తారా? జత ధరే తీసుకోండి. రెండోది ఇంట్లో కనబడుతుంటే...” అని ఆగిపోయింది.

“జత విడదీయడం మా నాన్న కాలం నుంచీ లేదండీ. అయినా ఒక్క చెప్పు దేనికి, ఎవరి మీదకైనా విసరడానికా?”

దుకాణంలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. చెప్పు విప్పి, తుడిచి, అరలో పెట్టింది. గుమ్మం దగ్గర ఆగి ఒక్కసారి వెనక్కి తిరిగింది. ఆయన్ని కాదు, అరని చూసింది.

“అలా అనాల్సింది కాదు,” అంది ఇల్లాలు.

“వచ్చే ఏడు మళ్లీ వస్తుందిలే. కుడికాలు ఊరుకుంటుందా?”

మళ్లీ వసంతం వచ్చింది. నేల తాకే స్కర్టులూ ఫ్యాషనై తిరిగొచ్చాయి. అన్నిటికంటే పొడుగుది ఇల్లాలు పక్కకు తీసిపెట్టింది. తలుపు చప్పుడైతే చాలు, తలెత్తి చూసేది. ఆయనా చూసేవాడు, అలవాటు కొద్దీ కాళ్లవైపు. నిరుటి నిమ్మపండు రంగు చెప్పు ఒకటి ఇంకా అరలోనే ఉంది. దాన్ని అటకెక్కించడానికి ఆయనకి చేతులు రాలేదు.

వసంతం సగమయ్యాక కంపెనీ ఏజెంటు కొత్త నమూనాలు తెచ్చాడు.

“ఇవేం చెప్పులయ్యా, చెక్కముక్కల్లా ఉన్నాయి. మీవాడు గీయడం మానేశాడా?” అన్నాడాయన.

“వాడు కాదండీ, ఆవిడ. ఈ చలికాలంలోనే పోయారు.”

“అయ్యో.”

“ఇరవై ఏళ్లు ఆవిడే గీశారు. కుడికాలి నమూనా ఒక్కటే చేసి ఇచ్చేవారు. ఎడమది మా వాళ్లు తిరగేసి కోసుకునేవారు.”

“అదేం? రెండో కాలికి తొడిగి చూడక్కర్లేదా?”

“చిన్నప్పటి నుంచీ ఆ కాలికి ఇనుప పట్టీల బూటండీ. మేం ఉత్తినే ఇస్తామన్నా పుచ్చుకునేవారు కాదు. అందరిలా దుకాణానికెళ్లి కొనుక్కుంటానని ఏటా వసంతంలో ఒకరోజు సెలవు పెట్టేవారు. ఏ దుకాణమో మాత్రం చెప్పలేదు.”

స్కర్టు మడతపెడుతున్న ఇల్లాలి చేతులు ఆగిపోయాయి.

ఆయన లేచి అర దగ్గరికెళ్లి నిమ్మపండు రంగు చెప్పు తీశాడు. చేత్తో తుడిచాడు. దాన్ని పట్టుకుని, నేల మీది అద్దం ముందు, ఆమె కూర్చునే బల్ల మీద కూర్చున్నాడు.

చాలాసేపటికి తలెత్తి భార్య మొహంలోకి చూశాడు.

“తప్పు నాదే,” అన్నాడు. “కాళ్లు కడుగుతానన్న మనిషికి ఒక్క చెప్పు ఇవ్వలేకపోయాను.”